మద్దెలకి ర్యామ్ ఎంత?

ఆడలేక మద్దెల ఓడు అని పెద్దలు వెక్కిరించారు గానీ, ఆ మద్దెలకి ఓ స్పెసిఫికేషన్ షీటు, ప్రాసెసర్ పేరు, ర్యామ్ లెక్క, ఏటా ఓ కొత్త మోడలు ఉండుంటే అసలా సామెత పుట్టేదే కాదు, ఎందుకంటే అప్పుడు ఆడలేనివాడు ఊరికే మద్దెల ఓడు అని నోటిమాటగా అనడు కదా, పక్క మద్దెలతో పోల్చి చార్టు తీసి చూపిస్తాడు. ఆ సౌకర్యం మన కాలానికి దక్కింది. మ్యూజిక్ చెయ్యడానికి ట్యాబ్ కొనడం అంటారు దాన్ని.

ఈ విషయం మీద ఇప్పటిదాకా వచ్చిన సలహాలన్నీ ఓ తప్పుడు నమ్మకం మీద నిలబడ్డాయి, కొన్నాక మ్యూజిక్ చేస్తారని. అందుకే అవి ఎవరికీ పనికిరావట్లేదు. ఏ ట్యాబ్ కొంటే ఎక్కువ కాలం, గౌరవంగా, ఎవరూ వేలెత్తి చూపకుండా మ్యూజిక్ చెయ్యకుండా ఉండొచ్చు? జనానికి కావాల్సింది ఇది. దీన్ని సీరియస్‌గా పట్టించుకున్న నాథుడు లేడు కాబట్టి ఆ భారం నేనే ఎత్తుకుంటున్నా.

ముందు తక్కువ రేటు ఆండ్రాయిడ్ ట్యాబ్ సంగతి. కొత్తగా దిగేవాళ్ళకి దీన్ని మించింది లేదు, సాకు ఇన్‌బిల్ట్‌గా వస్తుంది. దాన్ని లేటెన్సీ అంటారు, అంటే మీరు స్క్రీన్ మీద పియానో కీ నొక్కినప్పటికీ శబ్దం బయటికొచ్చినప్పటికీ మధ్య గ్యాప్. 10 మిల్లీసెకన్లయితే ఎవడికీ పట్టదు, గాల్లో శబ్దం మూడున్నర మీటర్లు పోయే టైమది, స్పీకరు అవతలి గోడ దగ్గరుంటే మనమేమైనా ఇబ్బంది పడుతున్నామా. అదే 100 దాటిందనుకోండి, మీరు కొట్టిన డ్రమ్ము 34 మీటర్ల అవతలెక్కడో మోగినట్టుంటుంది, తాళం తప్పుతుంది, తప్పించింది ట్యాబే అని లెక్కలతో సహా నిరూపించొచ్చు. ఈ సుఖాన్ని చెడగొట్టాలని గూగుల్ వాళ్ళు గట్టిగానే చూశారు, 2015లో ఆండ్రాయిడ్ 6తో ప్రో ఆడియో అని ఓ అర్హత పెట్టి, శబ్దం మైకులోంచి లోపలికెళ్ళి స్పీకర్లోంచి బయటికి రావడానికి రానూపోనూ 20 మిల్లీసెకన్ల లోపుండాలన్నారు, 2017లో ఆండ్రాయిడ్ 8తో, యాప్‌లు ఆలస్యం తగ్గించుకోవడానికి ఏఆడియో అని ఓ కొత్త దారి తెచ్చారు. అయినా భయపడకండి. ట్యాబ్ డబ్బా మీద కెమెరా మెగాపిక్సెల్స్ ఎన్నో పెద్దక్షరాల్లో వేస్తారు గానీ లేటెన్సీ ఎంతో వెయ్యరు, కొన్నాకే తెలుస్తుంది, అప్పటికి రిటర్న్ గడువు అయిపోయుంటుంది.

ఎవడో తెలిసినవాడు వచ్చి బఫర్ తగ్గించు బాస్ అంటాడు, బఫర్ అంటే ట్యాబ్ శబ్దాన్ని బయటికి పంపే ముందు ఒక్కో విడతకి పోగేసుకునే ముక్క. కాదనకండి, తగ్గించండి. 512 శాంపిల్స్ (శబ్దాన్ని కొలిచిన చిన్నచిన్న అంకెలు) మీద దాదాపు 11 మిల్లీసెకన్లు ఉండేది 128కి దించితే 3 లోపుకి పడిపోతుంది, ఆ వెంటనే ప్రాసెసర్ అందుకోలేక స్పీకర్లోంచి చిటపటలు మొదలవుతాయి. ఇప్పుడు మీ చేతిలో సాకులు రెండు.

ఐప్యాడ్ వైపు వెళ్ళేవాళ్ళు మాత్రం జాగ్రత్త. అక్కడ లేటెన్సీ బాధ తక్కువ, పైగా ఆపిల్ వాళ్ళ మ్యూజిక్ యాప్ గరాజ్‌బ్యాండ్ ఫ్రీ. ఇంతకన్నా ప్రమాదకరమైన పరిస్థితి ఇంకోటి లేదు. కొన్న గంటలోపే ఎక్కడ పాట తయారైపోతుందోనని గుండె దడ పుడుతుంది. అదృష్టం కొద్దీ చేసినవాళ్ళే మన మీద దయతలిచారు, కొత్త పాట తెరిస్తే మొదటి సెక్షన్ 8 బార్లే, అంటే ఎనిమిది తాళం ఆవృతాలే ఇస్తుంది, ఇక్కడితో ఆగిపోరా నాయనా అని చెప్పకనే చెప్పినట్టు. మనవాళ్ళు ఆ మాట జవదాటరు. స్మార్ట్ డ్రమ్స్ అని ఒకటుంది, ఓ చదరపు గడి, పైకి జరిపితే సౌండు పెరుగుతుంది, కుడికి జరిపితే వాయింపు చిక్కుపడుతుంది, పక్కనే పాచిక బొమ్మ. అది నొక్కితే డ్రమ్స్ వాటంతటవే పడతాయి. నచ్చకపోతే మళ్ళీ నొక్కు. మళ్ళీ. ఓ సాయంత్రం మొత్తం అలా పాచిక నొక్కి, చివరికి ఐదోసారి పడిందే బాగుంది కదా అని బాధపడి, వెనక్కి తెచ్చుకోలేక సేవ్ చేస్తే అది మై సాంగ్ అని పేరు పెట్టుకుని కూర్చుంటుంది, దాని పక్కన మై సాంగ్ 2, మై సాంగ్ 3, ఇలా ఓ సంతానం. అన్నీ 8 బార్లవే, ఒక్కదానికీ చరణం లేదు, గట్టిగా చూస్తే పల్లవి కూడా లేదు.

ఆ గరాజ్‌బ్యాండే 2011లో ఐప్యాడ్‌కి వచ్చినప్పుడు ఓ గమ్మత్తు చేశారు. ఎంత గట్టిగా కొట్టామో గాజుకి తెలీదు కాబట్టి, ట్యాబ్ ఎంత అదిరిందో లోపలున్న, కదలికని పసిగట్టే యాక్సెలరోమీటర్‌తో కనిపెట్టి దాన్నిబట్టి నోటు పెద్దగానో చిన్నగానో పలికించారు. తెలివైనవాళ్ళు చెయ్యాల్సిందేంటంటే ట్యాబ్‌ని దిండు మీద పెట్టుకుని వాయించి, "టచ్‌లో ఫీల్ లేదండీ" అని పెదవి విరవడం. ఈ ఒక్క మాట చాలు, విన్నవాళ్ళు మిమ్మల్ని పాతికేళ్ళు పియానో వాయించిన మనిషనుకుంటారు.

ఒకే ఒక్క విషయం దగ్గర మాత్రం మన వాదన కాస్త ఇరుకున పడుతుంది. ఐప్యాడ్ వచ్చిన ఏడాదే, 2010లో, గొరిల్లాజ్ అనే బ్యాండ్ వాళ్ళు అమెరికా టూర్ తిరుగుతూ ఓ ఆల్బమ్‌లో ఎక్కువ భాగం ఐప్యాడ్ మీదే చేసేసి, క్రిస్మస్ రోజు ఫ్యాన్ క్లబ్ వాళ్ళకి ఫ్రీగా వదిలేశారు. ఆ మొదటి ఐప్యాడ్‌కి ర్యామ్ 256 ఎంబీ. ఎంబీ అండీ, జీబీ కాదు. ఈ సంగతి ఎవరైనా ఎత్తితే వెంటనే ఛార్జర్ వెతుక్కుంటూ లేచి వెళ్ళిపోండి.

ఛార్జర్ అంటే గుర్తొచ్చింది, హెడ్‌ఫోన్ జాక్ తీసెయ్యడం మన ఉద్యమానికి దొరికిన పెద్ద సాయం. 2018 ఐప్యాడ్ ప్రో నుంచి అది పోయింది, మిగిలింది ఒకే ఒక్క కన్నం. మైకు అందులోనే, మిడి కీబోర్డు (ట్యాబ్‌కి తగిలించుకునే పియానో కీల పలక) అందులోనే, ఇయర్‌ఫోన్స్ అందులోనే, ఛార్జింగూ అందులోనే. బ్లూటూత్ పెట్టుకోవచ్చుగా అంటారు, మామూలు బ్లూటూత్‌లో ఆలస్యం 100, 200 మిల్లీసెకన్ల దాకా పోతుంది, వినడానికైతే ఓకే, వాయిస్తూ రికార్డ్ చేస్తే మీ పాటకి మీరే కోరస్. సరే అని హబ్ కొంటారు. హబ్‌కి కరెంటు చాలక దానికో అడాప్టరు. స్టూడియోల్లో వాడే కండెన్సర్ రకం మైక్‌కి వైరు గుండానే అందే 48 వోల్టుల కరెంటు, అంటే ఫాంటమ్ పవర్ కావాలి కాబట్టి అదిచ్చే ఇంటర్‌ఫేస్ అని ఇంకో డబ్బా, దాని వైరు పొట్టిదైతే ఎక్స్‌టెన్షను. ఎక్కడ కూర్చుంటే అక్కడ పాట చెయ్యొచ్చని కొన్న ఆరు మిల్లీమీటర్ల పలక, టేబుల్ మీద వైర్ల గుట్ట కింద వెతికితే దొరుకుతుంది.

స్టోరేజ్ విషయంలో రాజీ పడొద్దు, 1 టీబీ తీసుకోండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ అనే రికార్డింగ్ నాణ్యతలో ఒక గొంతు రికార్డ్ చేస్తే నిమిషానికి తొమ్మిది ఎంబీ కూడా అవ్వదు, మూడు నిమిషాల పాటకి 20 ట్రాకులు, అంటే పొరలు నింపినా అర జీబీ దగ్గరే తేలుతుంది. ఈ లెక్కన 1 టీబీలో రాత్రీపగలూ ఆపకుండా 80 రోజులు పాడొచ్చు. ఇన్‌స్పిరేషన్ ఎప్పుడు తన్నుకొస్తుందో తెలీదు కదా, ఉండనివ్వండి. ఈలోపు ఆ ఖాళీలో ప్లగిన్లు, అంటే మ్యూజిక్ యాప్‌కి తగిలించుకునే అదనపు వాయిద్యాలు, ఎఫెక్టులు నింపుకోవచ్చు, 2015లో ఐఓఎస్ 9తో ఏయూవీ3 అనే ప్లగిన్ పద్ధతి వచ్చాక ఒక యాప్‌లో ఇంకో యాప్ సింథ్ (ఎలక్ట్రానిక్‌గా శబ్దాలు పుట్టించే వాయిద్యం) తెరుచుకునే వీలు దొరికింది, ఒక్కో సింథ్‌లో వందల ప్రీసెట్లు, అంటే ముందే తయారుచేసిన సౌండ్లు, ఒక్కోటీ నొక్కి ఆహా అనుకుంటూ పోతే సెలవులు ఇట్టే గడిచిపోతాయి. 2023లో ఆపిల్ వాళ్ళ ప్రొఫెషనల్ మ్యూజిక్ యాప్ లాజిక్ ప్రో కూడా ఐప్యాడ్‌కి వచ్చింది, సబ్‌స్క్రిప్షన్ మీద. సబ్‌స్క్రిప్షన్ చాలా మంచి పద్ధతి, పాట రాకపోయినా నెలనెలా బిల్లు వస్తూ ఉంటుంది, మనమింకా మ్యూజిక్ ఫీల్డ్‌లోనే ఉన్నామన్న భరోసా.

ఇంత పకడ్బందీగా చెప్తుంటే కొందరు మాత్రం స్క్రీన్ పగిలిన పాత ట్యాబ్ పట్టుకుని, బట్టల బీరువా తలుపులు తీసి అందులోకి మొహం పెట్టి పాడేసి, వేలాడే బట్టలు ప్రతిధ్వనిని పీల్చేస్తాయని చెప్పి, వైరున్న ఇయర్‌ఫోన్స్‌తోనే మిక్సింగ్ (ట్రాకులన్నీ సమం చేసి కలపడం) కానిచ్చి పాట బయటికి వదిలేస్తున్నారు. ఇది క్రమశిక్షణ లేని పని. బట్టలు ఆపేది పైస్థాయి శబ్దాల్నేనండీ, బేస్ సంగతేంటి? 50 హెర్ట్జ్ శబ్దపు అల పొడవు దాదాపు 7 మీటర్లు, ఆ అల మీ పడగ్గదిలో ఓ మూల ఉబ్బిపోతుంది, ఇంకో మూల అసలు వినిపించదు, అలాంటి చోట కూర్చుని మిక్సింగ్ ఎలా చేస్తారు? కాబట్టి ట్యాబ్ ఆర్డర్ పెట్టే ముందు ఇల్లు మారండి. అద్దె ఇల్లయితే గోడలకి ప్యానెళ్ళు కొట్టడానికి ఓనర్ ఒప్పుకోడు, స్థలం చూసుకుని కట్టుకోవడమే మేలు, ప్లాన్ అప్రూవల్ వచ్చేసరికి కొత్త మోడల్ ఎలాగూ వస్తుంది.