ఎడమ ప్లేటు, కుడి ప్లేటు, నా ఖర్మ

రాయగడ ఫ్యాబ్రికేషన్ షాపులో కూర్చుని కంప్యూటర్లో 3డీ డిజైన్లు గీసే సాలిడ్‌వర్క్స్‌లో కన్వేయర్ ఫ్రేములు గీయడం పెద్ద కష్టమేం కాదు. ప్రాణం తీసేది పార్ట్స్ లిస్టే.

ఆర్డరిచ్చే పార్టీవాళ్లు పంపే మోడల్ తెరిస్తే చాలు, సగం పార్టుల పేర్లకి ముందు ‘మిర్రర్’ అని తగిలించి ఉంటుంది, అంటే అద్దంలో బొమ్మలా ఎడమది కుడిగా తిప్పిన కాపీ అన్నమాట. వంచిన బ్రాకెట్‌కి అంటే న్యాయమే, ఎడమది కుడివైపు బిగదు. రెండు బెజ్జాల సాదా ప్లేటుకి ఎందుకండీ? తిరగేసి పెడితే అదే ప్లేటు కదా! లిస్టులో మాత్రం రెండు వరుసలు, రెండు నంబర్లు. పైగా మిర్రర్ కొట్టేటప్పుడు పార్టు వివరాలు కూడా కాపీ అయ్యే కస్టమ్ ప్రాపర్టీస్ టిక్ పెట్టరు, మెటీరియల్ గడి ఖాళీ.

ఇంకొందరు తెలివైనవాళ్లు. వేరే ఫైలెందుకని ఎడమా కుడీ ఒకే ఫైల్లో కాన్ఫిగరేషన్లుగా, అంటే ఒకే పార్టుకి రెండు రూపాలుగా పెడతారు, పార్ట్ నంబరుకి మాత్రం ఫైలు పేరే వదిలేస్తారు. లిస్టులో రెండూ ఒకే నంబరుతో దిగుతాయి. వంచేవాడు అన్నీ కుడివే వంచేస్తాడు. “ఎడమవి ఏవి తమ్ముడూ?” అని వెల్డరన్న నా టేబుల్ దగ్గరకొచ్చి నిలబడతాడు, అక్కడికి మోడల్ నేనే గీసినట్టు.

బరువు చూసి డూప్లికేట్లు ఏరెయ్ అంటాడు ఓనరు. ఎడమ బ్రాకెట్టూ కుడి బ్రాకెట్టూ తూకం ఒకటే సార్! ఒక్కొక్కటీ తెరిచి, వంపు ఎటుందో కళ్లతో చూసుకోవాల్సిందే. స్క్రూ తల దిగేలా ఒకవైపే వెడల్పు చేసిన కౌంటర్‌సింక్ బెజ్జం ఉందా, సాదా ప్లేటు కూడా ఎడమా కుడీ అయిపోవచ్చు.