బావగారి పాలొమార్ ముడి

కాలువ గట్టు మీద కూర్చున్న వాళ్లలో ఎవరినైనా ఎర గురించి అడగండి, గంటసేపు చెబుతారు. ముడి గురించి మాత్రం ఎవరూ నోరు విప్పరు. ముడి వేయడం పుట్టుకతోనే వచ్చేసిందని ప్రతి మగవాడికీ ఓ నమ్మకం. పంచె కట్టుకోగలిగినవాడు గాలం కట్టలేడా అని మా బావగారు అడిగేవారు.

ఆయన ఉండేది రాజమహేంద్రవరంలో. ఆదివారం వస్తే గాలపు కర్ర భుజాన వేసుకుని ధవళేశ్వరం వైపు కాలువ గట్టుకు బయలుదేరతారు. చాలాకాలం నైలాన్ దారంతోనే నెట్టుకొచ్చారు. ఒంటిపోగు నైలాన్ చాలా ఓర్పు గలది. లాగితే కాస్త సాగుతుంది, ముడిలో తనను తానే కరుచుకుని నిలబడుతుంది. బావగారికి వచ్చిన ఒకే ఒక్క ముడి పేరు క్లించ్. దారాన్ని గాలం కన్నులోంచి దూర్చి, అసలు దారం చుట్టూ ఐదారుసార్లు తిప్పి, కన్ను పక్కన మిగిలిన సందులోంచి కొసను వెనక్కి తెచ్చి లాగడమే. నైలాన్‌కు అది చక్కగా సరిపోతుంది. దారం చూపించిన ఆ మంచితనాన్ని బావగారు తన ప్రతిభ ఖాతాలో వేసుకున్నారు.

అలాంటి మనిషికి మేనల్లుడు పుట్టినరోజు కానుకగా బ్రెయిడ్ తెచ్చాడు. అంటే పాలిథిలీన్ పోగులతో అల్లిన దారం. సన్నగా ఉంటుంది, దాదాపు సాగదు, అదే లావున్న నైలాన్ కంటే ఎంతో బలం. ఒంటికి నూనె రాసుకున్న మల్లుడిలా జారిపోవడమే దాని జబ్బు. బావగారు దానికీ క్లించే వేశారు.

ఆ ఆదివారమే పెద్ద చేప పడింది. కర్ర వంగింది. బావగారు గట్టు మీద అటూ ఇటూ పరుగెత్తారు. చుట్టుపక్కల వాళ్లందరూ లేచి నిలబడి తలా ఒక సలహా ఇచ్చారు. అంతలో కర్ర చటుక్కున నిటారుగా నిలబడింది. దారం వచ్చింది, గాలం రాలేదు.

"నకిలీ సరుకు. తెగిపోయింది" అని ప్రకటించారు బావగారు.

పక్కన గాలం వేసుకుని కూర్చున్న పెద్దాయన దారం కొసను వేళ్ల మధ్య పట్టుకుని చూశాడు. "తెగితే పోగులు విచ్చుకుని ఉండేవి బాబుగారూ. ఇది వంకర్లు తిరిగిందే కానీ కొస నున్నగానే ఉంది. ముడి ఊడిపోయిందండి."

అని ఊరుకోకుండా పాలొమార్ ముడి నేర్పించాడు. దారాన్ని రెండు పేటలుగా మడిచి కన్నులోంచి దూర్చాలి. ఆ రెండు పేటలతో మామూలు ముడి ఒకటి వదులుగా వేసి, మిగిలిన ఉచ్చులోంచి గాలం మొత్తాన్నీ బయటికి తీయాలి. ఆ తరవాతే బిగించాలి. "బిగించే ముందు ఓసారి నోట్లో పెట్టుకుని తడపండి."

బావగారు రెండడుగులు వెనక్కి వేశారు. వేలు తడిపి టిక్కెట్టు చింపిన బస్సు కండక్టరుతో ఊరు చేరేదాకా వాదించిన మనిషి ఆయన. ఎంగిలి చేసిన గాలాన్ని మళ్లీ చేత్తో ముట్టుకోవడమా?

నిజానికి ఉమ్మే కావాలని ఏమీ లేదు, నీళ్లయినా చాలు. పొడి దారాన్ని బిగిస్తే రాపిడికి వేడి పుట్టి ముడి దగ్గర దారం దెబ్బతింటుంది. నీళ్లలో అంతగా కనిపించదని కొనుక్కునే ఫ్లోరోకార్బన్ దారానికి ఈ భయం ఇంకా ఎక్కువ. ఈ సంగతి తెలిశాక బావగారు ఊపిరి పీల్చుకుని, దేవుడి గదిలోంచి రాగి పంచపాత్ర, ఉద్ధరిణి తెచ్చుకుని సాధన మొదలుపెట్టారు. ముడికి ఒక ఉద్ధరిణెడు నీళ్లు. కేశవ నామాలు ఒక్కటే తక్కువ.

చేతికి గుచ్చుకుంటుందని గాలం పక్కన పెట్టేశారు. దాని బదులు కన్నున్న వస్తువు ఏది దొరికితే దానికి ముడి పడుతూ వచ్చింది. మా అక్క వాళ్ల తోడికోడలి కూతురి పెళ్లినాటి ఉదయం ఆయన చేతికి దొరికింది బీరువా తాళాల గుత్తి. దానికి పాలొమార్ వేశారు. రెండో కొసను కిటికీ ఊచకు కట్టారు. ఊచను ఉచ్చులోంచి తీయడం ఎవరి తరమూ కాదు కనుక, అక్కడ యూని అనే ముడి వేశారు. ఇక్కడ ఆయన్ని మెచ్చుకోక తప్పదు, ఆ ఎంపిక సరైనదే. తరవాత రెండు కాళ్లూ గోడకు తన్నిపెట్టి, శక్తికొద్దీ లాగి పరీక్షించారు.

పట్టుచీరలు, నగలు బీరువాలో ఉన్నాయి. తాళాలు గదికి అవతలి కొసన ఊచకు వేలాడుతున్నాయి. ముహూర్తం పదిన్నరకు.

అక్క కుట్టు కత్తెర తెచ్చింది. మొండి కత్తెరకు బ్రెయిడ్ లొంగదు, రెండు అంచుల మధ్య మడతపడి ఊరుకుంటుంది. కూరల కత్తి తెస్తానంటే, "దాని ఖరీదు ఎంతో తెలుసా? విప్పుతాను, ఉండు" అని బావగారు అడ్డం నిలబడ్డారు. పిన్నీసుతో పొడిచారు. పంటితో లాగండి అని నేను అంటే నా వైపు ఒక చూపు చూశారు. బయట ఆటో హారన్ మోగుతూనే ఉంది.

ఇంతలో బావగారి అమ్మగారు పూజ ముగించుకుని, వెలిగించిన అగరబత్తితో గదిగదికీ ధూపం చూపిస్తూ వచ్చారు. "దారమే కదరా, దీనికింత రాద్ధాంతం ఎందుకు?" అంటూ అగరబత్తి కొసను దారానికి ఆనించారు. పాలిథిలీన్ నూట యాభై డిగ్రీలు కూడా తట్టుకోలేదు. తాళాలు ఠంగుమని నేల మీద పడ్డాయి.

బావగారు ముందు ఊచ దగ్గరికి, తరవాత తాళాల దగ్గరికి వెళ్లి పరిశీలించారు. "ముడి మాత్రం రెండు వైపులా ఊడలేదు, చూశావా?" అన్నారు నాతో.

పెళ్లిలో అక్క బొడ్డున దోపుకున్న తాళాల గుత్తికి ఆకుపచ్చ దారం తోక వేలాడుతూ ఉంది. ఇదేమిటని వచ్చినవాళ్లల్లా అడిగారు. ఆమె జవాబు చెప్పలేదు. గట్టిమేళం మొదలైంది. పెళ్లికొడుకు ముందుకు వంగి తాళి కడుతుంటే అందరూ అక్షింతలు వేస్తున్నారు. బావగారు కళ్లు చికిలించి అతని వేళ్ల వైపే చూస్తూ నా చెవి దగ్గరికి వంగారు.

"పసుపు తాడు, అదీ నూలు. ఏ ముడి వేసినా నిలుస్తుంది. బ్రెయిడ్ అయితే మూడు కాదు, ముప్ఫై వేసినా జారిపోయేదే."