సవరణ: సూపర్‌జెయింట్ గేమ్స్‌ని పెట్టింది ఇద్దరే

వీడియో గేములు తయారుచేసే సూపర్‌జెయింట్ గేమ్స్ కంపెనీ గురించి మొన్న నేను పెట్టిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. గ్రెగ్ కసావిన్‌ని కూడా వ్యవస్థాపకుల్లో కలిపేశాను. పైగా వాళ్లు చేసిన 'బాస్టియన్' ఆటలో వినిపించే కథకుడి గొంతును పెద్ద రికార్డింగ్ స్టూడియోలో పట్టారని రాశాను.

కంపెనీ పెట్టింది అమీర్ రావు, గేవిన్ సైమన్. ఇద్దరూ లాస్ ఏంజెలెస్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ (ఈఏ) అనే పెద్ద గేమ్ కంపెనీలో ఉద్యోగాలు మానేసి 2009లో బయటికొచ్చారు. ఆఫీసు లాంటిదేమీ లేదు, శాన్ హొసేలో రావు వాళ్ల నాన్నగారి ఇంట్లోనే మకాం. కసావిన్ ఒకప్పుడు గేమ్‌స్పాట్ అనే గేమ్ వార్తల వెబ్‌సైట్‌కి ముఖ్య సంపాదకుడు. ఈఏలో వీళ్లకు సహోద్యోగే కానీ, ఇక్కడికి రచయితగా తర్వాత వచ్చి చేరాడు. నా గందరగోళం అక్కడే మొదలైంది.

ఇక రెండోది. సంగీతం చేసిన డారెన్ కోర్బ్, రావుకి చిన్ననాటి స్నేహితుడు. కథకుడిగా గొంతిచ్చిన లోగన్ కన్నింగ్‌హామ్ ఏమో కోర్బ్‌కి రూమ్మేట్. న్యూయార్క్‌లో వాళ్ల అపార్ట్‌మెంట్లో బట్టలు పెట్టుకునే చిన్న గదిలో దూరి, ఆ డైలాగులన్నీ అక్కడే రికార్డు చేశారు. వేలాడే బట్టలు ప్రతిధ్వనిని మింగేస్తాయి, ఖర్చూ లేదు! అవి ఒకటీ రెండూ కాదు, దాదాపు 3,000 వాక్యాలు. ఆ బొంగురు గొంతు విని పెద్ద స్టూడియో అనుకున్నది నేనొక్కడినే కాదులెండి.

ఆట 2011 జులైలో వచ్చిందని రాసింది మాత్రం సరైనదే. పాత పోస్టులో పై రెండు చోట్లా మార్చేశాను.