పరీక్షే చేయనిది ‘నిర్ధారణ’ ఎలా అవుతుంది?

‘‘హెపటైటిస్-ఎ అని ఇంకా నిర్ధారణ కాలేదు.’’ ఒకే వీధిలో పదిమందికి పైగా కామెర్లతో మంచం పడితే అధికారులు చెప్పిన మాట ఇది. ఎలా అవుతుంది? ఎవరి రక్తం తీసి ఏ ల్యాబ్‌కు పంపారు? చాలామందికి రక్తంలో బిలిరుబిన్ (కళ్లను పచ్చబరిచే పదార్థం) ఎంతుందో చూసి, సెలైన్ ఎక్కించి ఇంటికి పంపేశారు. కొందరైతే నేరుగా పసరు మందుకే పోయారు. బిలిరుబిన్ పెరిగితే కామెర్లున్నాయని తెలుస్తుంది గానీ, అవి ఏ వైరస్ వల్ల వచ్చాయో తెలియదు.

నీళ్లు పరీక్షించాం, బాగానే ఉన్నాయంటున్నారు. కలుషిత నీటితో, తిండితో సోకి కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ హెపటైటిస్-ఎ. అది ఒంట్లో చేరాక బయటపడడానికి రెండు నుంచి ఏడు వారాలు, సగటున 28 రోజులు పడుతుంది. ఇవాళ కళ్లు పచ్చబడిన మనిషి వైరస్‌ను మింగింది దాదాపు నెల కిందట. ఈలోగా పైపులైన్‌కు అతుకు వేసి, క్లోరిన్ దట్టించి, ఆ తర్వాత పట్టిన సీసాలో ఏం దొరుకుతుంది? పైగా మామూలు నీటి పరీక్షలో వెతికేది మురుగు కలిసిందేమో చూపే కోలిఫారం బ్యాక్టీరియాను, ఈ వైరస్‌ను కాదు. నెల కిందటి కుళాయి సంగతి చెప్పాల్సింది రోగి రక్తమే.

చెప్పించడం కష్టమేమీ కాదు. లక్షణాలు మొదలయ్యేసరికే, ఈ వైరస్ ఇటీవలే సోకిందని చెప్పే ఐజీఎం యాంటీబాడీలు రక్తంలో కనిపిస్తాయి, నెలల తరబడి ఉంటాయి. కొవిడ్‌కు చేసిన ఆర్టీపీసీఆర్ పరీక్ష దీనికీ చేస్తే వైరస్ జన్యుపదార్థం (ఆర్‌ఎన్‌ఏ) దొరుకుతుంది. అది కామెర్లకు ముందే రక్తంలోకి వస్తుంది, చాలామందిలో ఆ తర్వాత కూడా కొన్ని వారాలు ఉంటుంది. దాని జన్యుక్రమం చదివి, పదిమందిలోనూ ఒకటేనని తేలితే, అందరికీ ఒకే చోటు నుంచి సోకిందని గట్టిగా అనుమానించాల్సిందే. మన దేశంలో ఎక్కువగా ఉండేది ఈ వైరస్‌లో 3ఏ అనే జన్యు రకమే కాబట్టి రకం పేరు రాసుకుంటే సరిపోదు, క్రమాన్ని పోల్చాలి. అప్పుడు నెపం ఎవరికి వారు తిన్న పానీపూరి బండి మీదికి నెట్టేయడం కుదరదు. భయమంతా అక్కడేనేమో!

హెపటైటిస్-ఎకు ప్రత్యేక మందు లేదు, విశ్రాంతే వైద్యం, పీసీఆర్ ఖర్చు దండగ అనేవాళ్లున్నారు. మంచం మీదున్న మనిషి వరకు అది నిజమే. కానీ అదే పైపు నీళ్లు ఇంకా తాగుతున్న పక్కింటివాళ్ల మాటేమిటి? కామెర్లు కనబడడానికి వారం రెండు వారాల ముందు నుంచే రోగి మలంలో వైరస్ పోతుంటుంది. చిన్నపిల్లల్లో చాలామందికి లక్షణాలే ఉండవు. పెద్దవాళ్లకు వస్తే ఒక్కోసారి కాలేయం పూర్తిగా చేతులెత్తేస్తుంది.

డెంగీ విషయంలో ఈ అధికారుల పట్టుదల చూడాలి. ప్రైవేటు ఆస్పత్రి ర్యాపిడ్ కిట్‌లో పాజిటివ్ అంటే చెల్లదు, ల్యాబ్‌లో చేసే ఎలీసా రక్తపరీక్ష కావాలంటారు. అక్కడ పరీక్ష సరిపోదని కేసు కొట్టేస్తారు. ఇక్కడ పరీక్షే లేదని కేసు కొట్టేస్తారు. ఎటు తిరిగినా రిజిస్టర్‌లో పడేది సున్నాయే. హెపటైటిస్-ఎ టీకా 2024 నుంచి హైదరాబాద్‌లోనే తయారవుతోంది. లెక్కల్లోనే లేని జబ్బుకు దాన్ని ఉచితంగా వేయమని ఎవరు అడుగుతారు?

కొవిడ్ నాడు విజయవాడ, గుంటూరు ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ఆర్టీపీసీఆర్ ల్యాబ్‌లు రాత్రింబవళ్లు నడిచాయి. ఆ యంత్రాలకు ఈ వైరస్ కిట్లు తెప్పిస్తే చాలు. 2018లో గుంటూరులో కలుషిత నీరు ప్రాణాలు తీసింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ రోజుల తరబడి మురుగునీటిలో నానింది. ఇంత చూశాక కూడా కామెర్ల రోగి రక్తాన్ని బిలిరుబిన్‌తో సరిపెట్టడాన్ని అజాగ్రత్త అని వదిలేయలేం. తెలిస్తే సమాధానం చెప్పాలి కాబట్టి తెలుసుకోవడం లేదు.

రేపు పొద్దున్నే ఆ వీధికి వెళ్లి రక్త నమూనాలు తీయండి. తీయనంత కాలం ‘నిర్ధారణ కాలేదు’ అనకండి. ‘మేం చూడలేదు’ అనండి.