మెస్ బిల్లు దాకా చేరాల్సిన దానం

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడి, 1930లో బెజవాడ నుంచి విశాఖలోని వాల్తేరుకు తరలేనాటికి ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో చిక్కుకొని ఉంది. ఆ గడ్డు దశాబ్దంలో నేటి ఒడిశాలోని జయపురం సంస్థానాధీశుడు విక్రమదేవవర్మ అక్కడి శాస్త్ర, సాంకేతిక కళాశాల కోసం ఏటా లక్ష రూపాయలు ఇచ్చేందుకు ముందుకొచ్చారు. ఆ కళాశాలకు ఆయన పేరే పెట్టారు. లక్ష అన్నది అప్పటికి చాలా పెద్ద మొత్తమే అయినా, ఆ దానానికి అసలు బలం ‘ఏటా’ అన్న మాటలో ఉందని నేను భావిస్తాను. ఒక్కసారి వచ్చిన సొమ్ముతో భవనం కట్టవచ్చు గాని, వచ్చే ఏడాదీ డబ్బు వస్తుందన్న భరోసా లేనిదే ఒక ఆచార్యుణ్ని పిలిచి ప్రయోగశాల అప్పగించడం కష్టం. రసాయన శాస్త్రవేత్త టి.ఆర్.శేషాద్రి 1930ల్లో వాల్తేరుకు వచ్చింది అలాంటి రోజుల్లోనే. 1942 ఏప్రిల్ 6న విశాఖపై జపాన్ బాంబులు పడ్డాక విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోవలసి వచ్చింది. భవనాలు వెంట రాలేదు, మనుషులు వెళ్లారు.

ఇక విద్యార్థి సంగతి. మన పెద్దల తరంలో ఎందరో వారాలు చేసుకొని చదువుకున్నారు. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం మరో ఇంట్లో భోజనం. ఆ తల్లుల ఔదార్యాన్ని ఎంత తలచుకున్నా తక్కువే. కానీ ఆ అన్నం చాలావరకు కులం గీసిన గీత లోపలే దొరికేదన్న నిజాన్ని దాచలేం. ఆ గీతకు అవతల పుట్టిన పిల్లవాడికి ఆకలీ చదువూ రెండూ భారమే అయ్యాయి. అందుకే సాయం ఒక ఇంటి దయ మీద కాక, అర్హులందరికీ తలుపు తెరిచే సంస్థ ద్వారా అందాలి.

నేడు దాతలు లేకపోలేదు. బాపట్లలో పుట్టిన కృష్ణా చివుకుల 2024లో తాను చదివిన మద్రాస్ ఐఐటీకి రూ.228 కోట్లు ఇచ్చారు. అది గర్వించదగ్గ దానం. అయితే ఇంత పెద్ద విరాళాలు ఎక్కువగా ఐఐటీల వైపే వెళుతున్నాయి. పల్లెల నుంచి, మొదటి తరంగా చదువుకు వచ్చే పిల్లలు అధికంగా చేరే ఉస్మానియా, కాకతీయ, శ్రీ వేంకటేశ్వర, ఆంధ్ర వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాల వైపు ఆ స్థాయిలో రావడం లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోయినప్పుడు, తండ్రి మంచాన పడినప్పుడు, పంట పోయినప్పుడు ఆ పిల్లల చదువు చిన్న మొత్తం దగ్గరే ఆగిపోతుంది: రెండు నెలల మెస్ బిల్లు, ఒక పరీక్ష ఫీజు. కరోనా కాలంలో జీతాలు ఆగిపోయి ప్రైవేటు కళాశాలల అధ్యాపకులు కూరగాయలు అమ్ముకొన్న దృశ్యాలను మనం చూశాం. గెస్ట్ ఫ్యాకల్టీ, ఒప్పంద అధ్యాపకుల బతుకులు ఈనాటికీ అంతకంటే పెద్ద భద్రతలో లేవు. వారిని వదిలేసి విద్యార్థిని మాత్రమే ఆదుకుంటామంటే, చదువు చెప్పే చేతినే వదిలేసినట్లవుతుంది.

ఇందుకు కావలసింది మరో ఆడిటోరియం కాదు. పూర్వ విద్యార్థుల విరాళాలతో ఒక శాశ్వత నిధి పెట్టి, దాని వడ్డీని అత్యవసర సాయానికే కేటాయించాలి. దరఖాస్తు అందిన వారంలోగా నిర్ణయం వెలువడాలి. ఎందుకంటే పరీక్ష తేదీ దాటాక వచ్చే డబ్బు ఆ ఏడాదిని తిరిగి ఇవ్వలేదు. అమెరికాలో స్థిరపడిన మనవాళ్లు నెలనెలా కొద్దికొద్దిగా ఇచ్చినా చాలు, విక్రమదేవవర్మ ఇచ్చిన ‘ఏటా’ అన్న భరోసా మళ్లీ ఏర్పడుతుంది. సాయం పొందిన బిడ్డను వేదిక ఎక్కించి చెక్కుతో ఫొటో తీయించే పద్ధతి మాత్రం మానుకోవాలి. దాతకు లెక్క చెప్పవలసిందే. ఎందరికి, ఎంత, ఎన్ని రోజుల్లో అందిందో ఏడాదికోసారి ప్రకటిస్తే చాలు, పేర్లు అక్కర్లేదు.