'పొగ త్రాగరాదు' బోర్డు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'పొగ త్రాగరాదు' బోర్డు గారి సముఖమునకు,
మా ఊరి బస్టాండు, మూడో ప్లాట్‌ఫారం, మంచినీళ్ళ కుళాయి పక్క స్తంభం.

ఉభయకుశలోపరి. ఊపిరితిత్తుల సంగతి పక్కన పెడితే ఇక్కడ మేమంతా క్షేమం. మీరే అంత బాగున్నట్టు కనిపించడం లేదు. మొన్న చూస్తే కుడివైపు మేకు ఊడి ఓ పక్కకి ఒరిగిపోయి ఉన్నారు. కిళ్ళీ వేసుకున్న పెద్దమనిషెవరో వేలికి మిగిలిన సున్నం మీ చివరి రెండక్షరాల మీద తుడిచి పోయాడు. బస్సు దిగేవాళ్ళకి 'పొగ త్రాగ' అన్నంతవరకే కనపడుతోంది. మిగతాది ఎవరికి తోచినట్టు వాళ్ళు పూరించుకుంటున్నారు. ఎక్కువమందికి 'వచ్చును' అనే తోస్తోంది.

ఈ ఉత్తరానికి కారణం మా మేనల్లుడు. వాడి కాలేజీలో 'బహిరంగ ప్రదేశాల్లో ధూమపానాన్ని నిషేధించాలా, వద్దా?' అని వక్తృత్వ పోటీ పెట్టారు. నిషేధించి తీరాలని కొందరు గొంతు చించుకున్నారు. వ్యక్తి స్వేచ్ఛ ఏమైపోవాలని కొందరు కళ్ళు తుడుచుకున్నారు. గంటన్నర సాగిందట. నిషేధం ఎప్పుడో అయిపోయిందని జడ్జీలతో సహా ఆ హాల్లో ఒక్కరికీ స్ఫురించలేదు. గోడ మీద మీరు వేలాడుతూనే ఉన్నారు. ఫొటోలో కూడా పడ్డారు, మొదటి బహుమతి అందుకుంటున్న కుర్రాడి తల వెనక.

కాబట్టి మీ పుట్టుపూర్వోత్తరాలు నలుగురికీ ఓసారి చెప్పడం మంచిది. బహిరంగంగా పొగ తాగడం కుదరదని 1999లో కేరళ హైకోర్టు అంది. 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆస్పత్రులు, బడులు, లైబ్రరీలు, కోర్టులు, ప్రభుత్వ ఆఫీసులు, బస్సులు, రైళ్ళు అని పేరుపేరునా చెప్పి దేశమంతటికీ వర్తింపజేసింది. 2003లో పార్లమెంటు చట్టమే చేసింది. ఆ తర్వాత 2008లో గట్టి నియమాలు రాసి, గాంధీ జయంతి నాడు అమల్లో పెట్టారు. గాంధీ గారి పేరు చెప్పి మొదలుపెట్టిన పనులన్నీ ఎంత చక్కగా నడుస్తున్నాయో చూస్తూనే ఉన్నాం కాబట్టి ముహూర్తం గురించి నేనేమీ అనను.

ఆ నియమాల్లో మీ ఒడ్డూ పొడుగూ ఎంత శ్రద్ధగా రాశారండీ! 60 సెంటీమీటర్లు బై 30కి తగ్గకూడదు. ఒళ్ళంతా తెలుపు. మధ్యలో 15 సెంటీమీటర్లకి తక్కువ కాని వలయం, దానికి 3 సెంటీమీటర్ల ఎర్ర అంచు, లోపల నల్లటి పొగ వదులుతున్న సిగరెట్టో బీడీయో, దాన్ని కొట్టేస్తూ అదే వెడల్పులో ఓ ఎర్ర పట్టీ. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత కొలిచి అడగరు. గుమ్మం దగ్గర, ప్రతి అంతస్తులో, మెట్ల దగ్గర, లిఫ్టు దగ్గర మీరు ఉండాల్సిందే. సిగరెట్ ప్రకటనల్ని అదే చట్టం నిషేధించింది కదా, ఇప్పుడు అంతస్తుకో సిగరెట్ బొమ్మ చట్టబద్ధంగా వేలాడదీసుకునే భాగ్యం మీకొక్కరికే ఉంది. కోట్లు పోసినా కంపెనీలకి దొరకదు. మా బస్టాండు కుర్రాళ్ళకి ఆ బొమ్మంటే మహా ముచ్చట. తాగడం అయ్యాక పీకని సరిగ్గా ఆ ఎర్ర పట్టీ మీదే నలిపి ఆర్పుతారు, గురి తప్పినవాడు అందరికీ టీ ఇప్పించాలి.

మీ ఒంటి మీద ఇంకో గీత కూడా ఉండాలి. ఎవరైనా తాగుతుంటే ఎవరికి చెప్పుకోవాలో ఆ మనిషి పేరు. బస్టాండులో ఆ గీత ఖాళీ. నేను పని మీద వెళ్ళిన ఒక ఆఫీసులో మాత్రం పేరు, ఫోన్ నంబరు రెండూ ఉన్నాయి. మెట్ల మీద ముగ్గురు కూర్చుని ఊదుతుంటే ఆ నంబరుకి ఫోన్ చేశాను. పెద్దాయన మర్యాదగానే మాట్లాడారు. తాను రిటైరై చాలా ఏళ్ళయిందని, ఇప్పుడు పుణెలో కొడుకు దగ్గర ఉంటున్నానని, ఇలాంటి ఫోన్లు అడపాదడపా వస్తూనే ఉంటాయని చెప్పారు. "ఎవరు బాబూ తాగేది? సన్నగా, కళ్ళజోడు పెట్టుకుని ఉంటాడా? వాడు నేనున్నప్పుడూ అంతేనయ్యా" అని కాసేపు పాత రోజులు తలుచుకున్నారు. పైన ఫ్యాను పాడైందని కూడా నా చేత చెప్పించుకుని బాధపడ్డారు.

అధికారాలకైతే లోటు లేదు. ఎస్సై దాకా పోనక్కర్లేదు, హెడ్మాస్టరు, స్టేషన్ మాస్టరు, పోస్ట్‌మాస్టరు, లైబ్రేరియన్ కూడా తమ తమ చోట్ల జరిమానా వేయొచ్చు. సినిమా పేజీ చింపుకుపోయేవాణ్ణే ఏమీ అనలేని లైబ్రేరియన్, వరండాలో చుట్ట కాలుస్తున్న మాజీ సర్పంచి దగ్గరికి రసీదు పుస్తకం పట్టుకుని వెళ్ళే దృశ్యం ఊహించుకుంటే మనసు పులకరిస్తుంది. జరిమానా ఎంతంటారా? 200 దాకా. 2003లో రాసిన అంకె ఇది. ఇవాళ కాస్త ఖరీదైన సిగరెట్ పెట్టె ఒకటి కొంటే దాదాపు అంతే అవుతుంది. కేంద్రం దీన్ని 2,000 చేద్దామని 2020 చివర్లో ఒక ముసాయిదా రాసి, మళ్ళీ భద్రంగా దాచిపెట్టింది. కర్ణాటక 2025లో తన మటుకు తాను 1,000 చేసుకుంది. మన రెండు రాష్ట్రాలూ పాత ధరలకే సేవలు అందిస్తున్నాయి.

ఇక చట్టం చదవడంలో మన పొగరాయుళ్ళ ముందు వకీళ్ళు కూడా చాలరు. ఆరుబయలు బహిరంగ ప్రదేశం కిందకి రాదని చట్టంలో ఓ ముక్క ఉంది. బస్టాండు, రైల్వే స్టేషన్, స్టేడియం లాంటివి ఆరుబయలుగా లెక్కకి రావని 2008 నియమాల్లో ఇంకో ముక్క ఉంది. మొదటిది అందరికీ కంఠతా వచ్చు, రెండోది ఎవరూ వినలేదు. ఆస్పత్రి గుమ్మంలో ఒకాయన ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడతాడు. అడిగితే "సిగరెట్టున్న చెయ్యి బయటే ఉంది కదండీ" అంటాడు. చెయ్యి బయటే ఉంది. నోరు లోపలుంది. పొగ ఓపీ చీటీ కూడా తీసుకోకుండా నేరుగా పిల్లల వార్డుకి పోతోంది.

మీవాళ్ళలో కాస్త దశ తిరిగినవాడు సినిమాల్లో ఉన్నాడు. హీరో వెలిగించినప్పుడల్లా తెర కింద ఓ మూల ప్రత్యక్షమై 'ఆరోగ్యానికి హానికరం' అనేసి మాయమవుతాడు. కొన్ని సినిమాల్లో హీరోయిన్ కన్నా ఆయనే ఎక్కువసేపు ఉంటాడు. ఇంటర్వెల్‌లో బాత్రూం వైపు వెళ్ళామా, పొగలో ఎదుటి మనిషి ముఖం కనపడదు.

మిమ్మల్ని చూసినప్పుడల్లా గుంటూరులో ఉన్న మీ దాయాది గుర్తొస్తారు, పొగాకు బోర్డు గారు. 1976 నుంచి అక్కడే కాపురం. ఆయనకి సొంత చట్టం ఉంది, ఛైర్మన్ ఉన్నాడు, సిబ్బంది ఉన్నారు, ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి అంటూ వరసగా వేలం కేంద్రాలు ఉన్నాయి. ఏ ఏడు ఎంత పండించాలో, పొగాకు ఎండబెట్టే ఏ బ్యారన్‌కి లైసెన్సు ఇవ్వాలో ఆయనే చెబుతారు. ఎగుమతులు పెరిగితే పేపర్లో ఫొటో. మీకు రెండు మేకులు, అందులో ఒకటి ఊడింది. ఒకే సర్కారు ఆయన్ని వాణిజ్య శాఖ చేత సాకించి, మిమ్మల్ని ఆరోగ్య శాఖ చేత గోడకి కొట్టించింది. రైతుని నేనేమీ అనను. మా చుట్టాల్లో సగం మంది బ్యారన్ల వేడిలో పెరిగినవాళ్ళే. మిరపలోనో శనగలోనో దెబ్బ తిన్నవాడు ఆకు వైపే చూస్తాడు, ఆకు కూడా దెబ్బ కొడితే రోడ్డెక్కుతాడు. 2025లో నల్ల బర్లీ రకం పొగాకు కొనే దిక్కు లేకపోతే రాష్ట్ర ప్రభుత్వమే సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ చేత కొనిపించాల్సి వచ్చింది.

మన జీవిత బీమా సంస్థ సంగతి ఇంకా ముద్దుగా ఉంటుంది. పొగ తాగేవాడు టర్మ్ పాలసీకి వస్తే ప్రీమియం ఎక్కువ కట్టమంటుంది, త్వరగా పోతాడని. తన డబ్బు మాత్రం సిగరెట్లు చేసే ఐటీసీలో సుమారు 15 శాతం వాటాగా పెట్టుకుని కూర్చుంది, తాగుతూనే ఉంటాడని. రెండు నమ్మకాలూ వమ్ము కాలేదు.

నాకు అసలు మింగుడుపడని విషయం ఇంకొకటుంది. 30 గదుల హోటలో, 30 మంది కూర్చునే రెస్టారెంటో, ఎయిర్‌పోర్టో అయితే పొగ తాగేవాళ్ళకి విడిగా చోటు ఇచ్చుకోవచ్చని అదే చట్టం అంటుంది. పెద్దవాళ్ళు అద్దాల గదిలో ఏసీ వేసుకుని తాగుతారు. 'ధూమపానంపై కొరడా' అని ఎప్పుడైనా పేపర్లో ఫొటో వస్తే అందులో తల దించుకుని నిలబడేది బీడీ కాలుస్తూ దొరికిన హమాలీ. పట్టుకుంటే పట్టుకోండి, తప్పు తప్పే. కానీ ఆ అద్దాల గదికి కూడా తాళం వేశాకే పట్టుకోండి.

అలవాటైపోయింది, ఆపుకోలేం అంటారు. నిజమే అయ్యుండొచ్చు. నికోటిన్ ఊరికే వదలదు. అయితే బస్టాండులో పది నిమిషాలు ఆగలేని ఈ మనిషే హైదరాబాద్ నుంచి ఢిల్లీ దాకా విమానంలో రెండు గంటలకి పైగా బుద్ధిగా కూర్చుని పల్లీలు నములుతాడు. 2023 ఆగస్టులో తిరుపతి నుంచి సికింద్రాబాద్ వెళ్ళే వందేభారత్‌లో ఏం జరిగిందో మీకు ఎవరైనా చెప్పారా? టికెట్ కూడా లేని ఒకతను టాయిలెట్లో దూరి సిగరెట్ వెలిగించాడు. అలారం మోగింది. మంటలార్పే యంత్రం దానంతటదే పొడి చిమ్మింది. రైలు మనుబోలు దగ్గర ఆగిపోయింది, రైల్వే పోలీసులు వచ్చి అతన్ని బయటికి తీశారు. ఒక్క సిగరెట్టుకి ఇంత రాజమర్యాద! రైల్వే చట్టంలో దీనికి జరిమానా 100 రూపాయలు, మీ 200లో సగం. అయినా వందేభారత్‌లో జేబులోంచి పెట్టె తీసేవాడు పైకప్పు వైపు ఓసారి చూస్తాడు. మీ వైపు ఎవరైనా అలా చూశారా? ఇన్నేళ్ళలో మీ నోట ఒక్క కూత రాలేదు మరి.

తాగేవాడికేం, బస్సు రాగానే ఎక్కి పోతాడు. మిగిలేది కండక్టరు, టీ కుర్రాడు, ఊడ్చే మనిషి. 2016-17లో దేశమంతటా చేసిన పొగాకు సర్వేలో, నాలుగు గోడల మధ్య పనిచేసేవాళ్ళలో నూటికి 30 మంది ఇంకొకరి పొగ పీలుస్తున్నారని తేలింది. వాళ్ళలో చాలామంది అడగలేరు. అడిగితే రేపు ఉద్యోగం ఉంటుందో లేదో.

మీ స్తంభం కిందే జామకాయలు అమ్ముకునే మామ్మ మాత్రం అడుగుతుంది. మొన్న నా ఎదురుగానే ఒక కుర్రాడు వెలిగించాడు.

"ఏమయ్యా, కాయలన్నీ పొగ కంపు కొడితే నువ్వు కొంటావా? అటు పో."

"బోర్డే ఊరుకుంది, నీకేంటి మామ్మా?"

"దానికి ముక్కు లేదు, నాకుంది. పోతావా లేదా?"

పోయాడు. రోడ్డు దాటి పోయాడు. జరిమానా వేసేవాళ్ళ జాబితాలో ఆవిడ పేరు లేదు, చలానా పుస్తకం లేదు. చేతిలో అర కిలో గుండు మాత్రం ఉంది.

నా మనవి ఒక్కటే. మీ నియమాల్లో ఎవరూ వాడని విద్య ఒకటి ఉంది. ఒక చోట తాగుతున్నారని తెలిసీ ఆ చోటు యజమానో మేనేజరో పట్టించుకోకపోతే, ఎంతమంది తాగారో అన్ని జరిమానాలూ అతనే కట్టాలి. యాష్‌ట్రే, అగ్గిపెట్టె ఇవ్వడం కూడా నిషిద్ధమే. అందుకే కదా మన ఫంక్షన్ హాళ్ళలో ఐస్‌క్రీం కప్పుల్లో నుసి రాలుస్తున్నారు. ఒక్క శ్రావణమాసం ముహూర్తాల్లో దీన్ని అమలు చేయించండి. రిసెప్షన్లో పేకాట బల్ల చుట్టూ కూర్చున్న నలభై మందికి నలభై రసీదులు హాలు ఓనరు పేరున రాయించండి. ఆ మర్నాడే ఆయన మిమ్మల్ని నాలుగింతలు పెద్దగా చేయించి, సీరియల్ బల్బులు చుట్టి, స్టేజీ మీద వధూవరుల వెనక వేలాడదీస్తాడు.

ఇట్లు,
కనిగిరి బస్సు కోసం మూడో ప్లాట్‌ఫారం మీద నిలబడిన ప్రయాణికుడు.

తా.క.: ఎల్లుండి మా నాయకుడి పుట్టినరోజు. ఫ్లెక్సీ కట్టడానికి కుర్రాళ్ళు వచ్చి మీ స్తంభాన్నే కొలుచుకుని వెళ్ళారు. 12 అడుగులు బై 8. ఆయన చిరునవ్వు సరిగ్గా మీ మీదకి వస్తుంది. కిందటిసారి కట్టినదాన్ని విప్పించడానికి ఎన్నికల కోడ్ రావాల్సి వచ్చింది.