ఎముక మీద పోసే నీళ్లు ఎక్కడివి?

సూర్యారావుపేటలో ఏ సందులోకి వెళ్లినా ఒక డెంటల్ క్లినిక్ ఉంటుంది. జ్ఞానదంతం తీయించుకోవడానికి వచ్చేవాళ్లు రేటు అడుగుతారు, నొప్పి ఉంటుందా అని అడుగుతారు, కోసిన చోట పోసే నీళ్లు ఎక్కడివని మాత్రం ఎవరూ అడగరు. బెజవాడలో పళ్ల డాక్టరుగా పనిచేస్తున్న నేను చెప్తున్నా, ముందు అడగాల్సింది అదే.

అడ్డంగా ఇరుక్కున్న పన్ను తీయాలంటే చిగురు తెరిచి, చుట్టూ ఎముకను బర్‌తో, అంటే గిర్రున తిరిగే డ్రిల్ మొనతో, తొలచాలి. ఆ రాపిడికి వేడి పుడుతుంది. 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలినా ఎముక దెబ్బతింటుందని ఎరిక్సన్, ఆల్బ్రెక్ట్‌సన్ అనే పరిశోధకులు 1983లోనే కుందేళ్ల మీద చేసిన ప్రయోగాల్లో చూపించారు. అందుకే నీళ్లు పోస్తూ ఉండాలి.

"మేం ఆర్‌వో నీళ్లే పోస్తామండీ" అంటారు కొందరు డాక్టర్లు. పోసేవి మంచివే కావచ్చు, కానీ కుర్చీలోని సన్నటి గొట్టాల్లో రాత్రంతా నిలవుండి లోపల జిగురు పాచి పడుతుంది, ఆ గొట్టాలనేమో ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిముల్ని చంపే పెట్టెలో) పెట్టలేం. 2016లో కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో, ఒక పిల్లల క్లినిక్‌లో ఇలాంటి నీళ్ల వల్లే డెబ్బై మంది దాకా పిల్లలకు మైకోబ్యాక్టీరియా అనే క్రిమి సోకింది, కొందరికి దవడ ఎముక కొంత తీసేయాల్సి వచ్చింది. పైగా ఎయిరోటార్‌తో, అంటే గాలి ఒత్తిడితో తిరిగే డ్రిల్‌తో, ఎముక తొలిస్తే గాలి చర్మం కిందికి దూరి ముఖం ఉబ్బే ప్రమాదమూ ఉంది.

తొలుస్తూనే సెలైన్ కూడా పోసే యంత్రం, ఫిజియోడిస్పెన్సర్, కొనలేకపోతే ఎలా అంటారా? అక్కర్లేదు. మైక్రోమోటార్ (చిన్న మోటారుతో తిరిగే డ్రిల్), సీలున్న సెలైన్ బాటిల్, 20 ఎంఎల్ సిరంజి చాలు. ఒక్క సిరంజి చూస్తుండగానే అయిపోతుంది కాబట్టి మా సిస్టర్ మూడు ముందే నింపి పెట్టుకుంటుంది, మొన తీసేసిన సూదిని కొంచెం వంచి ధార సరిగ్గా బర్ కొస మీదే పడేలా పట్టుకుంటుంది, ధార ఆగిందంటే నా కాలు పెడల్ మీంచి లేస్తుంది. స్టాండుకు బాటిల్ కట్టి ఐవీ సెట్‌తో వదిలినా సరే, ధార చాలకపోతే బాటిల్‌ను చుట్టూ నొక్కే ప్రెషర్ బ్యాగ్ తొడిగితే సరి. బర్‌ను బలంగా నొక్కకుండా ఆగి ఆగి తొలచడానికి ఖర్చే లేదు.

పొదుపు ఎక్కడ చేయకూడదో కూడా చెప్పాలి. ఉదయం విప్పిన బాటిల్‌లో సగం మిగిలిందని సాయంత్రం పేషెంటుకు దాచడం చూశాను. ఆ సగం సింకులో పోసేయాల్సిందే, సిరంజి, ఐవీ సెట్ కూడా ఒక్క మనిషికే.